అప్పట్లో క్రమశిక్షణ ఉండేదట!

మా విచారణ (పారిష్) వాట్సాప్ గ్రూపులో ఇందాకే ఒక పెద్దాయన సెలవిచ్చారు. పాతకాలంలో బిషప్పులందరిదీ ఒకే మాటట, గురువులు (ఫాదర్లు) కిక్కురుమనేవారు కాదట, అమెరికా శ్రీసభ (కతోలిక సంఘం) చరిత్ర చదివి బుద్ధి తెచ్చుకోవాలట. దాని కింద వరసగా దండాల బొమ్మలు!

ఏ అమెరికా అండీ? న్యూయార్క్‌లో ఫాదర్ ఎడ్వర్డ్ మెగ్లిన్ 1886 మేయర్ ఎన్నికల్లో హెన్రీ జార్జ్ తరఫున నిలబడ్డారు. భూమి విలువ మీద పన్ను వేస్తే పేదరికం పోతుందన్న మనిషి ఆ జార్జ్. అంతే, అగ్రపీఠాధిపతి కొరిగన్ గారు ఫాదర్‌ని సస్పెండ్ చేశారు. రోమ్‌కి రమ్మంటే వెళ్లలేదని 1887లో వెలి కూడా పడింది. అయిదేళ్లయ్యాక పాపుగారి ప్రతినిధి సతోల్లి వచ్చి, ఆ ఫాదర్ తన అభిప్రాయాల గురించి రాసిచ్చింది ప్రొఫెసర్లకు చూపించి, ఇందులో సిద్ధాంతానికి విరుద్ధమేమీ లేదని వెలి ఎత్తేశారు. మరి ఆ అయిదేళ్లు ఎవరి ఖాతాలో రాయాలి?

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. మెగ్లిన్ గారి సభలకు వెళ్లడాన్నే కొరిగన్ పాపం చేసేశారు. అదీ ఆయన అనుమతి లేకుండా ఏ గురువూ క్షమించకూడని పాపం! ఆ సభలోనే కుప్పకూలి చనిపోయిన ఒకాయనకు కాల్వరీ అనే కతోలిక సమాధుల తోటలో చోటివ్వలేదు. శవానికి నేర్పిన క్రమశిక్షణ అన్నమాట.

ఇక ఆ "ఒకే మాట" సంగతి. జార్జ్ పుస్తకాలను నిషేధించాలని కొరిగన్, వద్దని బాల్టిమోర్ కార్డినల్ గిబ్బన్స్, ఇద్దరూ రోమ్‌కే మొర. రోచెస్టర్ బిషప్ మక్వైడ్ గారైతే కొరిగన్‌కు ఉత్తరాల్లో కక్కినది చాలక, 1894లో సొంత కతీడ్రల్లోనే సెయింట్ పాల్ నగర అగ్రపీఠాధిపతి జాన్ ఐర్లండ్ గారిని పేరుపెట్టి దులిపేశారు. అంతకుముందు రీజెంట్ పదవికి, అంటే న్యూయార్క్ రాష్ట్ర విద్యా మండలి సభ్యత్వానికి, మక్వైడ్ ఓడి, ఐర్లండ్ బలపరిచిన ఫాదర్ మలోన్ గెలిచారు లెండి. దానికీ దీనికీ సంబంధమే లేదు, మనం నమ్మేద్దాం.

మెగ్లిన్ పక్షాన వాదించిన ఫాదర్ బర్ట్‌సెల్‌ను న్యూయార్క్ నగరం నుంచి తీసుకెళ్లి రాండౌట్ అనే దూరపు ఊళ్లో పడేశారు. బదిలీ అనగానే నాకు మా పాత ఫాదర్ గారు గుర్తొస్తారు. పండగ చందాల లెక్క నోటీసు బోర్డు మీద అంటించడమే ఆయన చేసిన నేరం. నెల తిరక్కుండా ట్రాన్స్‌ఫర్ ఉత్తరం వచ్చింది. కారణం అడిగితే "విధేయత" అన్నారు. చందాలిచ్చిన మాకు ఎవరు విధేయులో మాత్రం ఈరోజుకీ చెప్పలేదు. ఆ లెక్క ఫొటో నా ఫోన్లో ఉంది. ఇప్పుడే గ్రూపులో పెట్టాను. అడ్మిన్ గారు డిలీట్ చేస్తే మళ్లీ పెడతాను.