ముందొచ్చిన అప్లికేషన్‌కే ఇల్లు

అమెరికాలో ఒకే అద్దె ఇంటికి పదిమంది అప్లై చేస్తే ఎవరికివ్వాలో ఓనర్ ఇష్టమేనని అక్కడి అద్దె ఇళ్ల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. సియాటిల్‌లో మాత్రం అలా కుదరదండి. 2017 నుంచి అక్కడ అర్హతలేంటో ముందే రాసి పెట్టాలి, ప్రతి అప్లికేషన్ అందిన తేదీ, టైమ్ నోట్ చేసుకోవాలి, అర్హులలో ముందొచ్చినవాళ్లకే ఇల్లు ఇవ్వజూపాలి. ఓనర్లు కోర్టుకెక్కినా 2019లో సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ రూల్‌నే సమర్థించింది.

మనవాళ్ల టెన్షన్ వేరు. కొత్తగా దిగినవాళ్లకు క్రెడిట్ స్కోరు ఉండదు, పే స్టబ్ (జీతం రసీదు) ఇంకా రాదు, చేతిలో ఉండేది ఆఫర్ లెటర్ ఒక్కటే. సియాటిల్ రూల్ ప్రకారం ఓనర్ అదనపు కాగితాలు అడిగితే కనీసం 72 గంటల గడువివ్వాలి, ఆలోగా ఇచ్చేస్తే వరుసలో మన చోటు ఎక్కడికీ పోదు. ఈ సంగతి ఏజెంట్లు తమంతట తాము చెప్పకపోవచ్చు, అడిగి చెప్పించుకోవాల్సిందే.