ఉభయకుశలోపరి: ఇంటర్‌చేంజ్ స్టేషన్ గారికి

మహారాజశ్రీ ఇంటర్‌చేంజ్ స్టేషన్ గారి దివ్యసముఖానికి,

రోజూ మీ మెట్లు దిగి, మీ ప్రహరీ చుట్టూ తిరిగి, మళ్ళీ మీ మెట్లే ఎక్కే ఒక ప్రయాణికుడు నమస్కరించి రాసుకునే ఉత్తరం. ఉభయకుశలోపరి. మా తాతగారి కాలంలో ఉత్తరాలు ఈ మాటతోనే మొదలయ్యేవి. మీరూ క్షేమం, మేమూ క్షేమం, ఇక అసలు సంగతికొద్దాం అని అర్థం. మీ దగ్గరికొచ్చేసరికి ఉభయులు అంటే ఎవరెవరన్నదే ముందు తేల్చుకోవాలి. పైన మెట్రో, కింద ఎంఎంటీఎస్ లోకల్ రైలు. ఇద్దరూ ఎవరికి వారు క్షేమమే. మధ్యలో నాకే కాస్త ఆయాసంగా ఉంది.

మీ పేరు రాయడం లేదు. భయం కాదు, మొహమాటం. బేగంపేట, భరత్‌నగర్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట, సికింద్రాబాద్... హైదరాబాద్‌లో మెట్రో, ఎంఎంటీఎస్ ఇరుగుపొరుగుగా ఉండే చోట్లు ఇన్ని ఉన్నాయి. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్ళు ‘మాకేం తక్కువ?’ అని అలుగుతారు. మీలో ఒకరిద్దరి దగ్గర దారి కాస్త నయమేనని విన్నాను. వాళ్ళు ఈ ఉత్తరం చదవనక్కర్లేదు.

ముందు మీలో నాకు నచ్చిన సంగతి చెప్పాలి. అది మీ ప్లాట్‌ఫాం మీంచి కనిపించే దృశ్యం. మెట్రో ప్లాట్‌ఫాం రెండో అంతస్తులో ఉంటుంది కదా, అక్కడ దిగి ఓ పక్కగా నిలబడితే కింద ఎంఎంటీఎస్ పట్టాలు అరచేతి గీతల్లా కనిపిస్తాయి. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో నేను దిగేసరికి నా రైలు కూడా వంపు తిరుగుతూ ఉంటుంది. నేను ఎస్కలేటర్ కోసం వెతుకుతాను. అది పైకి వచ్చేదే. దిగేవాడికి మెట్లు. నేను మెట్ల మలుపు దగ్గరుండగా రైలు ఆగుతుంది. గేటు దగ్గర కార్డు ఆనిస్తుంటే, ఎర్ర చీర కట్టుకున్న ఒకావిడ మునివేళ్ళ మీద లేచి లేడీస్ బోగీలోకి టిఫిన్ బ్యాగు అందిస్తోంది. లోపల ఉన్నావిడ అందుకుంది. ఈవిడా ఎక్కింది. ఇదంతా మీ కిటికీ ఊచల్లోంచి నాకు స్పష్టంగా కనిపిస్తుంది. తిరుమలలో స్వామి దర్శనం లాంటిదే ఇది కూడా. ఎదురుగానే ఉంటాడు, రెండు క్షణాలు కనిపిస్తాడు, ఈలోగా వెనకనుంచి ‘జరగండి, జరగండి’ అంటారు. అక్కడైతే బయటికొచ్చాక లడ్డూ అయినా ఇస్తారు.

మీ గేటు దాటాక ఒక బోర్డుంది. ‘ఎంఎంటీఎస్’ అని రాసి బాణం గుర్తు వేశారు. బాణం వైపు తిరిగితే రోడ్డు మీదికి దిగే మెట్లు. మెట్ల కింద బాణాలు లేవు. ఎడమకా, కుడికా అన్నది ప్రయాణికుడి జాతకం. నేను పాత కాపుని కాబట్టి ఎడమకి తిరుగుతాను. ముందు ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పానీపూరీ బండి, ఆ తరవాత ఫుట్‌పాత్ మీద ఒక రాతిపలక. ఆ పలక మీద కుడి అంచున కాలు వేస్తే ఎడమ అంచు లేచి, కింద దాగున్న నీళ్ళు చొక్కా దాకా చిమ్ముతాయి. అందుకని తెలిసినవాళ్ళందరూ అక్కడికి రాగానే ఒక్కసారి గెంతుతారు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఇదేదో మొక్కు అనిపిస్తుంది. పలక దాటాక ప్రహరీగోడ మలుపు, పార్కింగ్ బైకుల వరస, ఆపైన టికెట్ కౌంటర్, ఆపైన పాదచారుల వంతెన, అవతలి ప్లాట్‌ఫాం. ఒక ఆదివారం పని లేక లెక్కపెట్టాను. గేటు దగ్గర్నుంచి ప్లాట్‌ఫాం దాకా నాలుగు వందల పదమూడు అడుగులు. గెంతుని ఒక అడుగుగానే లెక్కేశాను.

మీరు మనసులో పెట్టుకోనంటే ఒక మాట. మీ ఇంటి సంగతి తోడికోడళ్ళ కాపురంలా ఉంది. పెద్దకోడలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న గడప తొక్కింది. అప్పటి ఉపప్రధాని అద్వానీ గారు జెండా ఊపారు. చిన్నకోడలు మెట్రో 2017 నవంబర్ 28న వచ్చింది. ఆవిడకి సాక్షాత్తూ ప్రధాని మోదీ గారే మియాపూర్‌లో హారతి పట్టారు. పెద్దకోడలిది రైల్వే వారి పెద్ద కుటుంబం. పొదుపరి. అయిదు రూపాయలకి కూడా టికెట్ ఇస్తుంది. చిన్నకోడలు ఏసీలో ఉంటుంది, శుభ్రం ఎక్కువ, వచ్చినవాళ్ళ సంచీ విప్పి చూడనిదే లోపలికి రానివ్వదు. ఒకే ఇంట్లో వేరు కుంపట్లు. ఒకరి వంటింటి ఉప్పు ఇంకొకరు ముట్టరు. మెట్రో కార్డు ఎంఎంటీఎస్ కౌంటర్లో చూపిస్తే ఆ మనిషి దాన్ని పెళ్ళిశుభలేఖలా తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు.

పెద్దకోడలిని నేను తప్పు పట్టను. ఆవిడ కష్టం వేరు. మెట్రోకి సొంత పట్టాలున్నాయి, అడ్డం వచ్చేవాడు లేడు. ఎంఎంటీఎస్‌కి చాలా దూరం సొంత దారి లేదు. సూపర్‌ఫాస్ట్ వచ్చినా, ప్యాసింజర్ వచ్చినా, ఆఖరికి బొగ్గు గూడ్స్ వచ్చినా కొంగు సర్దుకుని పక్కకి తప్పుకోవాలి. ఇంటికి చుట్టాలొస్తే పెద్దకోడలి అన్నం పొద్దుగూకాకే కదా. కరోనా రోజుల్లోనూ అంతే. 2020 మార్చిలో ఇద్దరూ ఆగిపోయారు. చిన్నకోడలు సెప్టెంబర్‌లోనే లేచి తిరిగింది. పెద్దావిడ గుమ్మం దాటేసరికి 2021 జూన్ వచ్చింది.

అసలు ఎంఎంటీఎస్ అంటే ఏమిటో మీకు గుర్తుందా? మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. రకరకాల ప్రయాణాల్ని కలిపే ఏర్పాటు అని. మెట్రో పుట్టకముందే పెట్టుకున్న పేరది, ముందుచూపుకి మెచ్చుకోవాలి. ఇన్నేళ్ళూ ఈ ‘మల్టీ’ అంటే ఎవరా అనుకున్నాను. ఈ మధ్యే తెలిసింది. మెట్రోలో నిలబడేది నేనే, పలక మీద గెంతేది నేనే, రైలు వెనక పరిగెత్తేది నేనే, అది పోయాక షేర్ ఆటోలో సగం బయటికి వేలాడేదీ నేనే. ఆ సిస్టమ్ పేరు మీద ఇన్నాళ్ళూ ఎవరో జీతం తీసుకుంటున్నారు గానీ, న్యాయంగా అది నాకు రావాలి.

పేర్లంటే గుర్తొచ్చింది. మీ బంధువుల్లో హైటెక్ సిటీ అని ఇద్దరున్నారు. ఒకరు ఎంఎంటీఎస్, ఒకరు మెట్రో. పేరు ఒకటే, ఇంటిపేరూ ఒకటే, మధ్యలో మాత్రం కిలోమీటర్ల దూరం. ఊళ్ళోంచి ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లాడు ఐటీ ఆఫీసులుండే సైబర్ టవర్స్ ఇక్కడేననుకుని ఎంఎంటీఎస్ హైటెక్ సిటీలో దిగితే, మెడలో టై, చేతిలో ఫైలు పట్టుకుని ఆటో బేరం ఆడుకోవాల్సిందే. సికింద్రాబాద్‌ది ఇంకో తీరు. రైలుకి ఒక్క సికింద్రాబాదే, మెట్రోకి మాత్రం ఈస్టూ వెస్టూ రెండు. నాంపల్లిని మెట్రో నాంపల్లి అంటుంది, రైల్వే వారి కాగితాల్లో అది హైదరాబాద్ దక్కన్. కొత్తవాడికి మూడూళ్ళు చూసినంత పుణ్యం.

టికెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. కౌంటర్ దగ్గర లైను తప్పించుకుందామని ఫోన్లో టికెట్ తీస్తాను. మెట్రో ప్లాట్‌ఫాం మీదే తీసేస్తే టైం కలిసొస్తుందని నా తెలివి. పట్టాలకి మరీ దగ్గరగా ఉంటే ఆ యాప్ టికెట్ ఇవ్వదు, టికెట్ లేకుండా ఎక్కి, టీసీని చూశాక తీసేవాళ్ళ కోసం పెట్టిన నియమం అది. మంచిదే. కానీ నేను రెండో అంతస్తులో ఉన్నాను స్వామీ, రైలు అందుకోవాలంటే ఇంకా నాలుగు వందల పదమూడు అడుగులు ఉంది. యాప్ మాత్రం ‘నువ్వు స్టేషన్లోనే ఉన్నావు, దూరంగా వెళ్ళు’ అంటుంది. మీరిద్దరూ ఒకటేనని నమ్మే జీవి ఈ లోకంలో అదొక్కటే.

మా ఆవిడకి ఈ గొడవే లేదు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గర్నుంచి ఆధార్ చూపించి ఆర్టీసీ బస్సెక్కి హాయిగా ఇంటికొచ్చేస్తోంది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి కుక్కర్ మూడో విజిల్ వేస్తుంటుంది. ‘మీ మల్టీ మోడల్ వచ్చిందా?’ అని లోపల్నుంచే అడుగుతుంది.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూలో ఉంటాడు. అక్కడ లైట్ రైలు వచ్చి కాల్‌ట్రైన్ ప్లాట్‌ఫాం పక్కనే ఆగుతుందట. ఇటు దిగి అటు ఎక్కడమే, రెండింటికీ క్లిప్పర్ అని ఒకటే కార్డు. వాడు వీడియో కాల్‌లో చూపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ప్లాట్‌ఫాం మీద మనిషి జాడ లేదు. ‘జనం ఏరిరా?’ అంటే ‘అందరికీ కార్లున్నాయి మామయ్యా’ అన్నాడు. వాళ్ళకి దారి ఉంది, జనం లేరు. మాకు జనం ఉన్నారు. అంత దూరం ఎందుకు, ముంబైలో ఘాట్‌కోపర్ ఉంది. మెట్రో దిగి వంతెన మీదుగా నడిస్తే లోకల్ రైలు ప్లాట్‌ఫాం. నడవడం కూడా అక్కర్లేదు, ఊరికే నిలబడితే వెనకవాళ్ళే తోసుకెళ్ళి రైలెక్కిస్తారు.

కట్టడం చేతకాక కాదని నాకు తెలుసు. సికింద్రాబాద్‌లో ఒలిఫెంటా వంతెన దగ్గర రైలు పట్టాల పైనుంచి మెట్రో దాటడానికి ఎంత ఉక్కు వంతెన వేశారో చూశాను. కింద రైళ్ళు తిరుగుతుండగానే కట్టారు. నిజంగా ఘనకార్యం. రైలు మీంచి రైలు దాటింది. రైల్లోంచి దిగిన మనిషే ఇంకా దాటలేదు. ఉప్పల్ చౌరస్తాలో 2023లో గుండ్రంగా స్కైవాక్ కూడా కట్టారు, నలువైపులా దిగొచ్చు, చూడ ముచ్చటగా ఉంది. అక్కడ ఎంఎంటీఎస్ లేదు.

మీ దగ్గర పనిచేసే సమాచార శాఖ గురించి చెప్పకపోతే కృతఘ్నుణ్ణి అవుతాను. ప్రహరీ మలుపులో చాయ్ బండి పెట్టుకున్న అన్న. రైలు ఎక్కడుందో ఫోన్లో చూపించినా నేను నమ్మను, ఈయన చెబితే నమ్ముతాను. నేను గెంతి ఇటు రాగానే గిన్నెలోంచి తల ఎత్తకుండా చెబుతాడు: “ఉరకకు సార్, గూడ్స్ పోతున్నది. నీది దాని ఎనక.” ఎలా తెలుస్తుందని అడిగాను. గూడ్స్ వస్తే చాయ్ గ్లాసులు గలగలమని ఆగకుండా మోగుతాయట, ఎంఎంటీఎస్ వస్తే కాసేపే మోగుతాయట. మొన్న కొత్తిమీర మూట నెత్తిన పెట్టుకున్న ఒక ముసలమ్మ మెట్రో దిగి, “రైలు టేషన్ యాడుంది బిడ్డా?” అని నన్నడిగింది. చూపించాను. గోడ అవతల పట్టాలు కనపడుతూనే ఉన్నాయి. “గదేంది, గీడ్నే ఉన్నది గదా, తొవ్వ యాడుంది?” అంది. నాకు జవాబు తోచలేదు. చాయ్ అన్నే ముందుకొచ్చి మూట దింపి, గ్లాసులో సగం చాయ్ పోసిచ్చాడు.

ఈ ఉత్తరం ఎవరికివ్వాలా అని కూడా ఆలోచించాను. ఒక ప్రతి పై అంతస్తులో ఇచ్చాను. చదివి, గేటు దాటాక తమ పరిధి కాదన్నారు. ఇంకో ప్రతి కింద కౌంటర్లో ఇచ్చాను. ప్రహరీ దాటాక తమ పరిధి కాదన్నారు. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరూ నిజమే చెప్పారు. గేటుకీ ప్రహరీకీ మధ్య ఉన్నది ట్రాన్స్‌ఫార్మరూ, పానీపూరీ బండీ, ఆ పలకా. పానీపూరీ అతన్ని అడిగితే “మేం పొద్దున ఉండం సార్” అన్నాడు. పలకని అడగలేదు, అది ఏం చేస్తుందో తెలుసు కాబట్టి.

కోరికలు పెద్దవేం కావు. వంతెన కట్టినప్పుడు కట్టండి, ఒకే కార్డు పెట్టినప్పుడు పెట్టండి. మా అబ్బాయి కాలానికైనా పెడితే సంతోషమే. ఈలోగా ఆ పలక కింద గుప్పెడు సిమెంటు వేయించండి. వేయిస్తే ఒక్క ఇబ్బంది. అలవాటుపడ్డ వాళ్ళం, కొన్నాళ్ళపాటు అక్కడ ఊరికే గెంతుతాం.

ఇట్లు,
తమ విధేయుడు,
నాలుగు వందల పదమూడు అడుగుల దూరంలో ఉన్నవాడు

తా.క.: మూడో ప్రతిని ఆ ప్రహరీగోడకే మైదా పిండితో అంటించాను, ఎవరి పరిధి అయినా ఎదురుపడక తప్పదని. మర్నాడు సాయంత్రానికే దాని మీద ఒక లేడీస్ హాస్టల్ పోస్టర్ వెలిసింది. ‘మెట్రోకి, ఎంఎంటీఎస్‌కి రెండు నిమిషాల నడక’ అని రాసి, కింద రెండువైపులా రెండు బాణాలు వేశారు. మీ ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద చూడటం నాకదే మొదటిసారి.