28 వాయిదాల పండగ

2023 జనవరిలో రావలసిన డీఏకు, అంటే ధరలు పెరిగినందుకు ఉద్యోగులకిచ్చే కరువు భత్యానికి, తెలంగాణ సర్కారు 2025 జూన్‌లో జీవో ఇచ్చింది. 3.64 శాతం. ఈలోగా పోగుపడ్డ 29 నెలల బకాయిని సీపీఎస్ (కొత్త పెన్షన్ పథకం) ఉద్యోగులకు 28 సమాన వాయిదాల్లో ఇస్తామంది. 29కి 28! ఒక నెల కలిసొచ్చింది కదా, ఆ ఉదారతను ఒక్క ఉద్యోగ సంఘమూ మెచ్చుకోకపోవడం అన్యాయం.

మూలవేతనం 50,000 అనుకోండి. ఇంక్రిమెంట్లు పక్కన పెడితే నెలకు 1,820, మొత్తం 52,780. పదో వంతు ప్రాన్ అనే పెన్షన్ ఖాతాకు పోగా మిగిలేది 47,502. 28తో భాగిస్తే వాయిదాకు సుమారు 1,697 రూపాయలు. ఫ్రిజ్ అమ్మే షాపువాడు కూడా ఇన్ని వాయిదాలు పెట్టడు, పెట్టినా వడ్డీ వేసుకుంటాడు. ఇక్కడ వడ్డీ ఊసే లేదు. అప్పిచ్చినవాడు నోరు మూసుకోవాలి, షరతులన్నీ అప్పు తీసుకున్నవాడివి. అంతకుముందు 2022 జులై డీఏ బకాయికి 17 వాయిదాలు పెట్టారు. 17 తర్వాత 28. వాయిదాలకు మాత్రం ఇంక్రిమెంటు ఠంచనుగా పడుతోంది.

పాత పెన్షన్ పథకంలో ఉన్న ఉద్యోగులకు ఆ దిగులు లేదు, బకాయి వాళ్ల భవిష్యనిధి ఖాతా జీపీఎఫ్‌లో జమ. అవసరమై అందులోంచి తీసుకుందామంటే ఆ బిల్లు మళ్లీ క్యూలో. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డుగా ఉండాలి.

అసలు డీఏ జీవో వచ్చిన సాయంత్రం చూడాలి. మొన్నటిదాకా నల్లబ్యాడ్జీలు పెట్టుకున్న సంఘాల నాయకులే శాలువాలతో సచివాలయానికి బయల్దేరతారు. జిల్లా కేంద్రాల్లో ఫ్లెక్సీ కట్టి పాలాభిషేకం. పాల ధర పెరిగిందనే కదా డీఏ ఇచ్చేది! రెండున్నరేళ్ల కిందటి పాల ధరకు సరిపడే డీఏ ఇప్పుడొస్తే, ఇవాళ్టి ధరకు పాలు కొని ఫ్లెక్సీ మీద పోస్తారు. ఒక చెంబు సరిపోదు, ఫొటోలో ధార కనపడాలి. ఫ్లెక్సీలో ఉన్నాయన నవ్వు ఆపడు. ఆయన స్థానంలో ఎవరున్నా ఆపరు. చివర్లో తలా ఒక మిఠాయి. ఆ మిఠాయి వరకే నగదు చెల్లింపు, మిగతాది వాయిదాల్లో.

ఆ తర్వాత పని ఆఫీసులో జీతాల బిల్లులు పెట్టే అధికారి డీడీఓది. రావలసిందెంత, ఇచ్చిందెంత అని చూపే డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ తయారుచేయాలి, బిల్లు పెట్టాలి, సబ్ ట్రెజరీ (ఎస్టీఓ)లో టోకెన్ పడాలి, ఆడిట్ కావాలి. అన్నీ దాటాక ఫోన్‌లో స్టేటస్ చూస్తే బిల్లు చెల్లింపుల వ్యవస్థ 'ఈ-కుబేర్'లో ఉంటుంది. రిజర్వు బ్యాంకు వాళ్లు ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టారో! పురాణాల్లో కుబేరుడు వెంకన్నకే అప్పిచ్చి వడ్డీ గుంజుతున్నాడు. మన కుబేరుడికి ఆర్థిక శాఖ సైగ చేస్తేగానీ సంచి మూతి విప్పడు. మార్చి 31 దాటిందా, బిల్లు ల్యాప్స్. కొత్త ఏడాది, కొత్త టోకెన్, మళ్లీ అదే వరుస చివర.

సర్వీసులో ఉన్నవాళ్ల సంగతి ఎలాగో నడుస్తుంది, జీతమైనా వస్తుంది. రిటైరైనవాళ్ల మాటేమిటి? 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచారు. 2024 మార్చి నుంచి మళ్లీ రిటైర్మెంట్లు మొదలవుతాయని క్యాలెండర్ చూసిన ప్రతివాడికీ తెలుసు. మూడేళ్ల టైము దొరికింది. పైసా పక్కన పెట్టలేదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకునే సొమ్ము), వాడుకోని సెలవుల సొమ్ము అన్నీ ఆగాయి. జీపీఎఫ్ కూడా ఆపారే, అదేం సర్కారు ముల్లె? నెలనెలా ఆ ఉద్యోగి జీతంలోంచి కోసుకున్న డబ్బు! దాన్ని అడగడానికి 61 ఏళ్ల మనిషి హైకోర్టు మెట్లెక్కాలా? పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కరోనా కాలంలో ఆపిన జీతాలకు, పెన్షన్లకు 6 శాతం వడ్డీ కట్టమని 2021లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వడ్డీ తర్వాత చూద్దాం, అసలేదయ్యా?

ఎదురుచూస్తూ ఆ మనిషి పోతే దానికీ పద్ధతుంది. ఆయన పేరిట ఉన్న బిల్లు చెల్లదు. ఇంట్లోవాళ్లు తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తేవాలి. వారసుల పేరిట కొత్త బిల్లు, కొత్త టోకెన్, ఆపైన మళ్లీ ఈ-కుబేర్.