దామన్‌జోడి సోడా నీళ్లలో కరెంటు పెడితే వచ్చేది అల్యూమినియం కాదు

ఒడిశాలోని దామన్‌జోడి రిఫైనరీలో బాక్సైట్ (అల్యూమినియం ముడిఖనిజం) నుంచి అల్యూమినా అనే పొడి తీస్తారు, అంగుల్ స్మెల్టర్‌లో ఆ పొడి నుంచి లోహం తీస్తారు. దీని మీద కోరాపుట్, రాయగడ వైపు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "దామన్‌జోడిలో బాక్సైట్‌ని ఎలాగూ సోడా నీళ్లలో కరిగిస్తున్నారు. అక్కడే కరెంటు పెడితే అల్యూమినియం వచ్చేస్తుంది. పొడి చేసి అంగుల్ దాకా మోసుకెళ్లి, మళ్లీ వేడి చేసి కరిగించడం వట్టి దుబారా. ఉప్పునీళ్లలోంచి సోడియం తీయట్లేదా?" అని.

మొదటి వాక్యం వరకూ నిజమే. పంచపట్‌మాలి గనుల బాక్సైట్‌ని దామన్‌జోడిలో వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగిస్తారు. అయితే అది మలినాలు వదిలించడానికే. ఆ ద్రావణంలో కరెంటు పెడితే కాథోడ్ (మైనస్ వైపు కడ్డీ) దగ్గర అల్యూమినియం కన్నా ముందు నీళ్లే విడిపోతాయి, హైడ్రోజన్ బుడగలు వస్తాయి. రాగి వేరు, దానికి ఎలక్ట్రాన్లు అందుకోవడం హైడ్రోజన్ కన్నా తేలిక. అందుకే అది నీళ్లలోంచి కూడా వస్తుంది.

సోడియం మాట పచ్చి అబద్ధం. కావాలంటే గ్లాసు ఉప్పునీళ్లలో రెండు పెన్సిల్ ములుకులు ముంచి, 9 వోల్టుల బ్యాటరీ తగిలించండి (కిటికీ తెరిచి, కాసేపే, క్లోరిన్ మంచిది కాదు). మైనస్ వైపు ములుకు చుట్టూ సన్న బుడగలు లేస్తాయి. అక్కడి నీళ్లచుక్కని పసుపు రాసిన కాగితం మీద వేస్తే ఎర్రబడుతుంది. అది కాస్టిక్ సోడా. లోహం జాడే ఉండదు. పాదరసం కాథోడ్ పెడితే సోడియం అందులో కలుస్తుంది కదా అని ఎవరైనా లాజిక్ తీస్తారేమో. నిజమే, కానీ మెసేజ్‌లో పాదరసం ఊసే లేదు. విడి సోడియం కావాలంటే ఉప్పునే గలన స్థితికి (వేడికి కరిగిన ద్రవంగా) తేవాలి. ఉత్త ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కాల్షియం క్లోరైడ్ కలిపి దాన్ని 600 దరిదాపులకు దించుతారు. అందులో నీళ్లు లేవు గనక కాథోడ్ దగ్గర సోడియమే వస్తుంది.

స్మెల్టర్‌లో కూడా అల్యూమినాని నేరుగా కరిగించరు. అలా చేయాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. దాన్ని గలన క్రయోలైట్‌లో (అల్యూమినియం, ఫ్లోరిన్ ఉన్న ఒక ఖనిజం), 950 డిగ్రీల దగ్గర, కలుపుతారు. 1886లో హాల్, హెరోల్ట్ విడివిడిగా కనిపెట్టింది ఇదే. ఇదీ ద్రావణమే, కాకపోతే నీళ్లు లేని ద్రావణం.

కరెంటు ఖర్చు ఎక్కువన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. కిలో అల్యూమినియానికి సుమారు 14 యూనిట్లు పోతుంది. అందుకే స్మెల్టర్‌ని తాల్చేరు బొగ్గు గనులకి దగ్గర్లో, అంగుల్‌లో, సొంత విద్యుత్ కేంద్రంతో సహా పెట్టారు.