పార్టిషన్ తెలియనివాడికి మోక్షమా?

లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లకు తేలికైన ఇన్‌స్టాలర్లు (సిస్టమ్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాములు) తయారుచేస్తామంటూ ఈ మధ్య కొందరు స్వచ్ఛందంగా ముందుకొస్తున్నారు. కంప్యూటర్ గురించి ఏమీ తెలియనివాళ్లు, పార్టిషన్ అంటే డిస్కులో విడగొట్టిన భాగమని కూడా ఎరగనివాళ్లు నాలుగు క్లిక్కుల్లో పని ముగించుకోవాలట. ఇదెంత ప్రమాదమో చెప్పడం సీనియర్‌గా నా బాధ్యత.

మా కాలంలో ఇన్‌స్టాల్ చేయడమంటే తపస్సు. తెర మీద బొమ్మ కనబడాలంటే మానిటర్ రిఫ్రెష్ రేట్లు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మళ్లీ గీస్తుందో ఆ అంకెలు) వెతికి పట్టుకుని, ఫైల్లో మన చేత్తో రాయాలి. అంకె తప్పితే మానిటర్ పాడైపోవచ్చని డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉండేది. అంత టెన్షన్‌లో ఎంటర్ కొట్టిన చేతికీ, ఇవాళ 'నెక్స్ట్' నొక్కే వేలికీ పోలికేమిటి? మేం మూడు రాత్రులు మేలుకుని నేర్చుకున్నదాన్ని ఎవరో పది నిమిషాల్లో దాటేస్తే, ఆ మూడు రాత్రులు మాకెవరు తిరిగిస్తారు?

పతనం 1999లోనే మొదలైంది. కాల్డెరా అనే కంపెనీ వాళ్ల డిస్ట్రో (లినక్స్‌ను ఒక్కొక్కరు కూర్చి పంచే రూపం) ఓపెన్‌లినక్స్ 2.2, ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ ఆడుకోమని టెట్రిస్ ఇచ్చింది. ఆడుకోమని! ఆ సమయంలో మనిషి చేయాల్సింది కదలని శాతాన్ని చూస్తూ, ఇది బతికుందా పోయిందా అని మథనపడటం. తర్వాత 2006లో ఉబుంటు అనే డిస్ట్రో 6.06 వెర్షన్ వచ్చి, ముందు సీడీ మీదే నడిపి చూసుకోండి, నచ్చితే అక్కడి నుంచే ఇన్‌స్టాల్ చేసుకోండి అంది. మా పరువు నిలబెట్టింది ఆర్చ్ అనే డిస్ట్రో ఒక్కటే. 2012లో ఉన్న ఇన్‌స్టాలర్‌ను కూడా తీసేసి, కమాండ్ ప్రాంప్టు (ఆదేశాలు టైపు చేసే ఖాళీ తెర) చూపించి, వికీ చదువుకోమంది. తొమ్మిదేళ్లు అలాగే నిలబడింది. 2021లో అదీ ఆర్చ్‌ఇన్‌స్టాల్ అనే స్క్రిప్టును తన ఐఎస్ఓలో (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి ఇచ్చే డిస్కు ఇమేజ్‌లో) కలుపుకుంది. ఆ రోజు నేను టెర్మినల్ తెరవలేదు.

అయినా నన్ను ఎక్కువ బాధపెట్టింది డెబియన్ అనే డిస్ట్రో. దాని ఇన్‌స్టాలర్లో ఒక గొప్ప ఘట్టం ఉండేది. మీ వైఫై కార్డుకు ఫలానా ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఫైలు కావాలి, తెచ్చి ఇవ్వండి అని అడిగేది. ఆ ఫైలు ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఇంటర్నెట్ రావాలంటే వైఫై ఉండాలి. వైఫై రావాలంటే ఆ ఫైలుండాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇమేజ్‌లో పెట్టకూడదన్న సూత్రం తెచ్చిన తంటా ఇది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అన్న సామెతకు ఇంతకంటే చక్కటి ఉదాహరణ నాకు కనబడలేదు. సిస్టమ్ ఉచితం, కోడ్ అందరిదీ, లోపలికి రావడానికి మాత్రం ఇంకో కంప్యూటరు తెచ్చుకోవాలి. చివరికి 2022లో ఓటింగ్ పెట్టుకున్నారు, 2023లో డెబియన్ 12తో ఆ ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్ ఇమేజ్‌లోనే కలిపేశారు. ఎంత వేదాంతం ఎలా మట్టి కొట్టుకుపోయిందో చూడండి.

ఇంతకీ ఇన్‌స్టాలర్ కష్టంగా ఉందని ఎవరు చెప్పారు? మా బగ్ ట్రాకర్ (లోపాల ఫిర్యాదులు నమోదయ్యే చోటు) వెతికాను. అలాంటి ఫిర్యాదులు ఎక్కువ లేవు. ఫిర్యాదు చేయాలంటే ఖాతా తెరవాలి, వెర్షన్ రాయాలి, లాగ్ ఫైలు (ఏం జరిగిందో సిస్టమ్ రాసుకున్న చిట్టా) జతచేయాలి. ఆ లాగ్, ఇన్‌స్టాల్ కాని సిస్టమ్‌లో ఉంటుంది. కాబట్టి ఫిర్యాదులు చేసేది లోపలికి వచ్చినవాళ్లే. వాళ్లందరికీ ఇన్‌స్టాల్ అయింది. అంటే మా ఇన్‌స్టాలర్ విజయం నూటికి నూరు శాతం.

ముందుకొస్తున్నవాళ్లలో ప్రోగ్రామర్లతో నాకు భయం లేదు. ఇన్‌స్టాలర్ బాగుచేయమంటే వాళ్లు ఇంకో ఫైల్ సిస్టమ్‌కు (డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతికి) సపోర్టు కలిపి, మెనూలో ఇంకో వరుస పెంచి సంతోషంగా వెళ్లిపోతారు. భయమంతా కోడ్ రానివాళ్లతోనే. వాళ్లు మాటలు మారుస్తామంటున్నారు! 'నో రూట్ ఫైల్ సిస్టమ్ ఈజ్ డిఫైన్డ్' అని ఒక సందేశముంది. ఏళ్ల తరబడి కొత్తవాళ్లు దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డారు. ఇప్పుడెవరో వచ్చి దాన్ని 'సిస్టమ్‌ను డిస్కులో ఎక్కడ పెట్టాలో మీరింకా చెప్పలేదు, కింద ఒక భాగాన్ని ఎంచుకోండి' అని తిరగరాస్తే? దానికి కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) జ్ఞానమేమీ అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. పైగా కాలమారెస్ అని ఒక ఇన్‌స్టాలర్ ఉంది, దాన్ని చాలా డిస్ట్రోలు పంచుకుని వాడుకుంటున్నాయి. అందులో ఒక్క వాక్యం బాగుపడితే ఆ డిస్ట్రోలన్నిటికీ అంటుకునే ప్రమాదముంది.

వీళ్ల దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉంది. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసే మనిషి పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, చెయ్యి ఎక్కడ ఆగిందో రాసుకోవాలట. ఇందులో పస లేదని నిరూపించడానికి మా మేనకోడలి పక్కన నేనే కూర్చున్నాను. భాష, టైమ్ జోన్, కీబోర్డు చకచకా దాటేసింది. డిస్కు స్క్రీన్ దగ్గర చెయ్యి ఆగింది. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, ఎస్‌డీఏ3 అని పార్టిషన్ల పేర్లు వరుసగా ఉన్నాయి, పక్కన సైజులు.

"మామయ్యా, వీటిలో నా ఫోటోలు దేంట్లో ఉన్నాయి?" అంది.

నియమం ప్రకారం మాట్లాడకూడదు గనక మాట్లాడలేదు. నిజానికి నియమం లేకపోయినా మాట్లాడేవాణ్ణి కాదు. ఆ మూడింటిలో రెండు ఒకే సైజులో ఉన్నాయి.

కాసేపు చూసింది. పెన్‌డ్రైవ్ పీకి నా చేతిలో పెట్టి లేచి వెళ్లిపోయింది. బగ్ రిపోర్టేమీ రాయలేదు. కాబట్టి ఆ స్క్రీన్‌తో సమస్యేమీ లేదు.