ఫోటోలో తలలు ఎగిరిపోతున్నాయా? ఆ వాట్సాప్ మెసేజీకి జవాబు

ఒడిశాలోని మా బరంపురం తెలుగు గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు గ్రూపుల్లోనూ ఉందట. పర్లాకిమిడి చుట్టాల దగ్గర్నుంచి నాకూ వచ్చింది. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను.

"ప్రింట్ తీయిస్తే తలలు, కాళ్లు కట్ అవుతున్నాయా? మోసపోకండి. కాగితం మిగుల్చుకోవడానికి ల్యాబు వాళ్లే అంచులు కోసేస్తారు. మెగాపిక్సెల్స్ తక్కువైనా కట్ అవుతుంది, 50 మెగాపిక్సెల్ పెట్టుకోండి. డీపీఐ 300 చేస్తే ఫోటో మొత్తం వస్తుంది. ఎప్పుడూ ఫుల్ స్క్రీన్ మోడ్‌లోనే తీయండి. వాట్సాప్‌లో పంపితే అంచులు పోతాయి. కౌంటర్లో 'ఫిట్' అని ఒక్కమాట చెప్పండి, ఇక ఏ సమస్యా ఉండదు. డబ్బులిచ్చే ముందు స్క్రీన్ మీద చూపించమనండి."

నాది ప్రింటింగ్ కౌంటర్ వెనక కూర్చునే పని. కాబట్టి "వీడు వాళ్ల మనిషే, అలాగే అంటాడు" అని మీరు అనుకోవచ్చు. అందుకే లెక్కలతోనే మాట్లాడతాను. స్కేలు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ముందు అసలు గొడవ ఎక్కడుందో చూద్దాం. ఫోన్ కెమెరా మామూలుగా తీసే ఫోటో 4:3 ఆకారంలో ఉంటుంది. పొడుగు నాలుగు పాళ్లయితే పొట్టి వైపు మూడు పాళ్లు. మా దగ్గర అందరూ అడిగే 4×6, అదే మ్యాక్సీ సైజు, 3:2 ఆకారం. ఫోన్ ఫోటోను ఆరంగుళాల పొడుగుకి సరిపెడితే రెండో వైపు నాలుగున్నర అంగుళాలు వస్తుంది. కాగితం ఉన్నదేమో నాలుగే. ఆ అరంగుళం, అంటే ఫోటోలో తొమ్మిదో వంతు, కాగితం మీద పట్టదు. పట్టించాలంటే ఫోటోను చిన్నది చేసి పక్కల తెల్లగా వదలాలి, లేదా సాగదీయాలి. సాగదీస్తే పెళ్లికూతురు మొహం వెడల్పవుతుంది, అది ఎవరికీ వద్దు.

"మరి రీలు కెమెరా రోజుల్లో ఇంత గొడవ లేదే?" అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. నిజమే. 35 మి.మీ. రీలు మీద ఒక్కో ఫ్రేము 36×24 మి.మీ. ఉండేది. 1925లో లైకా కెమెరాతో ప్రచారంలోకి వచ్చిన కొలత అది. అంటే సరిగ్గా 3:2. అందుకే 4×6 దానికి అతికినట్టు సరిపోయేది. డిజిటల్ వచ్చాక చిన్న కెమెరాలు కంప్యూటర్ తెర ఆకారాన్ని, 4:3ని పట్టుకున్నాయి, ఫోన్లూ అదే దారిలో నడిచాయి. కాగితం మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది. డీఎస్ఎల్ఆర్ కెమెరాలు ఇప్పటికీ ఎక్కువగా 3:2లోనే తీస్తాయి. మీ ఫోన్ ఫోటోకి తల తెగి, స్టూడియో వాడు తీసిన ఫోటో మొత్తం వచ్చిందంటే అసలు కారణం ఇదే, అతని మీద మాకేమీ ప్రత్యేకమైన ప్రేమ లేదు.

ఇప్పుడు ఒక్కో మాటా తీసుకుందాం.

"కాగితం మిగుల్చుకోవడానికి కోస్తారు." మీరు 4×6 అడిగారు, మీ చేతికి 4×6 వచ్చింది. మరి మిగిలిందెక్కడ? ల్యాబు మెషీన్లో కాగితం రోలుగా ఉంటుంది. 152 మి.మీ., అంటే ఆరంగుళాల వెడల్పు రోలు మీద 4×6 తీస్తే నాలుగంగుళాల పొడవు ఖర్చవుతుంది. ఫోటో నిండా వేసినా, పక్కల తెల్లగా వదిలినా అదే నాలుగంగుళాలు. ఇంకు మెషీనైతే తెల్ల అంచు వదిలినప్పుడే మాకు కాస్త ఆదా. అంటే కాగితం నింపడం కోసం అంచులు తీసేస్తే ల్యాబుకి లాభం లేకపోగా ఇంకు పిసరంత ఎక్కువే పడుతుంది.

అయితే ల్యాబుల తప్పు లేదని నేననను. మెషీన్ సాఫ్ట్‌వేర్‌ను ముందే "కాగితం నింపు, మధ్యలోంచి తీసుకో" అని పెట్టి వదిలేస్తారు. తెల్ల అంచు కనిపిస్తే "ఇదేంటి, ఫోటో చిన్నదైపోయింది" అని కస్టమర్లు తిరిగి వస్తారని ఆ సెట్టింగు. రద్దీలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మెషీన్‌కి తల ఏదో గోడ ఏదో తెలియదు, రెండు వైపులా సమానంగా తీసేస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో కూడా కస్టమర్‌ని ఒక్క మాట అడగకపోవడం మా నిర్లక్ష్యమే. దాన్ని మోసం అనడం మాత్రం వేరే ఆరోపణ.

ఏ వైపు తెగుతుందన్నది ఫోటో అడ్డమా నిలువా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఫోన్‌తో అడ్డంగా తీసిన ఫోటో 4×6కి ఇస్తే పైనా కిందా పావంగుళం చొప్పున పోతుంది. మన అమ్మాయిని ఒడియా అబ్బాయికి ఇచ్చిన పెళ్లిళ్లు ఇక్కడ కొత్తేమీ కాదు. ఆ ఫోటోల్లో ముందు ఎగిరేది వరుడి ముకుటం కొస, తర్వాత ముందు వరుసలో కూర్చున్న పిల్లల పాదాలు. అదే ఫోన్‌తో నిలువుగా తీస్తే పైనా కిందా భద్రం, పక్కలు పోతాయి. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులివేషం ఫోటో నిలువుగా తీసి మ్యాక్సీ చేయిస్తే మొహం బాగానే వస్తుంది, పక్కకి ఊగిన తోక ఉండదు. 8×10కి వస్తే కథ తిరగబడుతుంది, ఎందుకంటే అది కాస్త చతురస్రానికి దగ్గరగా ఉండే 5:4 కాగితం. డీఎస్ఎల్ఆర్‌తో అడ్డంగా తీసిన గ్రూపు ఫోటోకి ఎనిమిదంగుళాల ఎత్తు ఇస్తే పొడవు పన్నెండు వస్తుంది. కాగితం పదే. చెరో చివరా అంగుళం పోతుంది. చివర్లో నిలబడేది ఎప్పుడూ మొహమాటస్తులైన బావగార్లే కాబట్టి వాళ్లు ఫిర్యాదు కూడా చేయరు.

"మెగాపిక్సెల్స్ తక్కువైతే కట్ అవుతుంది." కాదు. 12 మెగాపిక్సెల్ ఫోటో సుమారు 4000×3000 చుక్కలు (పిక్సెల్స్). 50 మెగాపిక్సెల్ మోడ్ పెట్టినా ఆకారం మామూలుగా 4:3యే, చుక్కలే ఎక్కువ. అరంగుళం తేడా అరంగుళంగానే ఉంటుంది. 4×6కి అంగుళానికి 300 చుక్కల లెక్కన కావలసింది 1800×1200, అంటే 22 లక్షల చుక్కలలోపే. అయినా ఎక్కువ చుక్కలు దండగ కాదు. క్రాప్ చేశాక మిగిలిన భాగం పెద్ద సైజుకి సరిపోతుంది. ఆ ఉపయోగం వేరు.

"డీపీఐ 300 చేయండి." ఈ సలహాకి ఎందుకింత గౌరవమో నాకు అర్థం కాదు. 4000×3000 ఫైలులో 72 అని రాసి ఉన్నా, 300 అని రాసి ఉన్నా అవే చుక్కలు. అది అంగుళానికి ఎన్ని చుక్కలు పరచాలో చెప్పే సంఖ్య, ఫోటో ఆకారంతో దానికి సంబంధం లేదు. మేం 4×6 అని ఎంచుకోగానే మెషీన్ తన లెక్క తాను వేసుకుంటుంది. పైగా కొన్ని యాప్‌లలో ఈ సంఖ్య మార్చబోయి చుక్కలనే తగ్గించి తెచ్చినవాళ్లున్నారు. దాని జోలికి వెళ్లకండి.

"ఫుల్ స్క్రీన్ మోడ్‌లో తీయండి." మొత్తం మెసేజీలో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ఫుల్ అన్న పేరు చూసి ఎక్కువ వస్తుందనుకుంటారు. మామూలు ఫోన్లలో కెమెరా లోపలి సెన్సర్ 4:3. పొడుగాటి 16:9 ఆకారం పెడితే ఫోన్ ఆ 4:3 నుంచే అంచులు తీసేసి మీకు చూపిస్తుంది, అంటే పావు వంతు అక్కడే పోయింది. ఆ సన్నటి ఫోటోని మళ్లీ 4×6కి నింపితే రెండో కోత, ఈసారి పొడుగు వైపు నుంచి సుమారు ఆరో వంతు. చివరికి సెన్సర్ చూసినదాంట్లో 63 శాతం దగ్గర మిగులుతుంది. అదే 4:3లో తీసి 4×6 చేయిస్తే దాదాపు 89 శాతం మిగులుతుంది. ఇక తెర మొత్తం నిండే 20:9లో తీశారా, 4×6 నింపాలంటే ఆ సన్నటి ఫోటోలోనే మూడో వంతు వదులుకోవాలి. ప్రింట్ కోసం తీసే ఫోటో అయితే కెమెరా సెట్టింగుల్లో 4:3 పెట్టండి, మనుషుల చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీయండి. అంతే.

"వాట్సాప్‌లో పంపితే అంచులు పోతాయి." ఫోటోగా పంపితే పోయేది నాణ్యత. పొడుగు వైపు సాధారణంగా 1600 చుక్కల దగ్గరికి కుదించేస్తుంది. మ్యాక్సీకి ఫర్వాలేదు, 12×18కి పనికిరాదు. అంచులు మాత్రం అలాగే ఉంటాయి. 2023లో హెచ్‌డీ బటన్ వచ్చింది, అది కొంత నయం. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది, అదే మంచిది. అంచులు నిజంగా పోయేది స్క్రీన్‌షాట్ తీసి పంపినప్పుడు. అప్పుడు ఫోటో కాస్తా ఫోన్ తెర ఆకారంలోకి మారిపోతుంది. పైనా కిందా నల్ల పట్టీలు, మూలన బ్యాటరీ గుర్తు, టైముతో సహా తెచ్చి "ఇది 8×12 చేయండి" అంటారు. గ్యాలరీలో అసలు ఫోటో ఉంటుంది బాబూ, వెతకండి.

"'ఫిట్' అంటే చాలు." ఇది సగం నిజం. ఫిట్ అంటే ఫోటో మొత్తం వస్తుంది, కాగితం నిండదు. ఫోన్‌తో అడ్డంగా తీసిన ఫోటో 4×6లో ఫిట్ చేస్తే కుడి ఎడమల అంగుళంలో మూడో వంతు చొప్పున తెలుపు మిగులుతుంది. ఆల్బమ్ జేబులో అది బాగానే ఉంటుంది. ఫ్రేములో పెడితే రెండు పక్కలా తెల్ల గీతలు. ఇంటికెళ్లి కత్తెరతో ఆ తెలుపు తీసేస్తే ఏ ఫ్రేముకీ సరిపోని కొలత అవుతుంది.

అసలు మేలైన దారి కాగితమే మార్చుకోవడం. 6×8 సరిగ్గా 4:3, ఫోన్ ఫోటోకి కొలిచినట్టు సరిపోతుంది. కొన్ని ల్యాబుల్లో 4.5×6 కూడా ఇస్తారు, అదీ 4:3యే. డీఎస్ఎల్ఆర్ ఫోటోకి 4×6, 8×12, 12×18 కోత లేకుండా వస్తాయి.

పెద్దకర్మకి ఫోటో చేయించేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే చాలా మేలు. చేతిలో ఉండేది పాత పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒక్కటే, అదీ 35×45 మి.మీ. హడావుడిలో "పెద్దది చేయండి, 12×18" అంటారు. నిండుగా వేస్తే పక్కల చెరో అంగుళం పోతుంది, భుజాలు నరికినట్టు కనిపిస్తాయి. 12×15 అంటే పోయేది పైనా కిందా కలిపి అరంగుళం కూడా ఉండదు. ఆ పన్నెండు రోజుల్లో ఇంట్లో ఎవరికీ లెక్కలు వేసే ఓపిక ఉండదు, కాబట్టి 12×15 అని చెప్పి పంపండి చాలు.

వేరే సైజు తప్పదనుకుంటే కోత మీరే వేసుకోండి. స్నాప్‌సీడ్ యాప్‌లో క్రాప్ నొక్కితే 3:2, 4:3, 5:4, 7:5 అని కింద వరసగా కనిపిస్తాయి. 4×6కి 3:2, 8×10కి 5:4, 5×7కి 7:5. ఫోటో నిలువుదైతే పెట్టె కూడా నిలువుగా తిరిగిందో లేదో చూసుకోండి. తర్వాత ఆ పెట్టెను వేలితో జరిపి ముకుటం కొస లోపల ఉండేలా, కింద ఖాళీ నేల బయటికి పోయేలా పెట్టండి. మెషీన్ చేయలేనిది ఇదే. కాపీగా సేవ్ చేయండి, అసలు ఫోటో ఉండనివ్వండి.

ఇలా చేశాక కూడా అంచున వెంట్రుకవాసి పోతుంది. తెల్ల అంచు లేకుండా ప్రింట్ చేసే మెషీన్లు ఫోటోని కాగితం కంటే పిసరు పెద్దదిగా వేస్తాయి, ఒక్కో వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి పోతుంది. కొన్నింట్లో ఇంకాస్త ఎక్కువ. అలా వేయకపోతే కాగితం కొంచెం పక్కకి జరిగినా ఒక అంచున తెల్లగీత పడుతుంది. ఫ్రేము లోపలి అంచు కింద మరో అయిదు మిల్లీమీటర్ల దాకా దాగుతుంది. పేరు, తేదీ రాయించుకునేవాళ్లు అక్షరాలను అంచుకి అంటించకుండా కాస్త లోపలికి పెట్టించండి.

స్క్రీన్ మీద చూపించమనడం మాత్రం మెసేజీలో ఉన్న మంచి సలహా. ఏ కౌంటర్లోనైనా అడగండి, విసుక్కుంటే వేరే చోటికి వెళ్లండి. మీరే క్రాప్ చేసి తెస్తే "సైజుకి సరిచేసి తెచ్చాను" అని చెప్పండి. ఆల్బమ్ మొత్తం ఇచ్చే ముందు అంచుల దాకా మనుషులు నిండిన ఫోటో ఒకటి ఎంచి, అదొక్కటే తీయించి చూసుకోండి. అది బాగా వస్తే మిగతావన్నీ వేయించేయొచ్చు.