ఆటో టెన్షన్ కంట్రోల్ గారికి గుంటూరు ఫిట్టర్ల బహిరంగ లేఖ

మగ్గం మీద పడుగు (నిలువు దారాల) బిగువును తనంతట తానే సరిచూసుకునే మహారాజశ్రీ ఆటో టెన్షన్ కంట్రోల్ గారి దివ్యసముఖమునకు,

గుంటూరు చుట్టుపక్కల, పేకను (అడ్డ దారాన్ని) గాలితో విసిరే ఎయిర్‌జెట్ మగ్గాల షెడ్లలో స్పానర్లు పట్టుకు తిరిగేవాళ్లం నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. తమరి స్క్రీన్ మీద అన్నివేళలా అంతా క్షేమమేనని ఉంటుంది కాబట్టి తమరి సంగతి వేరే అడగం.

ముందు తమరి తమ్ముడు ఆటో థ్రెడింగ్ గురించి ఓ మంచిమాట. వెనకటి మిల్లుల్లో నాడె (పేకను అటూ ఇటూ మోసే పడవలాంటి కొయ్య) కంట్లోంచి దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగేవాళ్లు. ఒకే నాడె పదిమంది నోళ్లు మారేది. ఆ పద్ధతిని అమెరికాలో మసాచుసెట్స్ 1911లో నిషేధిస్తే, ఇంగ్లండులోని లాంకషైర్‌లో నిషేధం వచ్చేసరికి 1952 అయింది. ఇప్పుడు దారపు కోన్ కొసను ఫీడర్ (పేకను కొలిచి అందించే డబ్బా) మూతి దగ్గర పెట్టి బటన్ నొక్కితే గాలే నాజిల్ (గాలి ఊదే గొట్టం) దాకా తీసుకుపోతుంది. పోకపోతే కారణాలు మూడో నాలుగో: కొస పురి విప్పుకుని ఉండటం, ట్యూబులో ఫ్లఫ్ (దూది నూగు) పేరుకోవడం, లైన్లో ప్రెషర్ పడిపోవడం, దారం దూరే గైడు కన్ను పక్కకి జరగడం. కొసను కత్తెరతో కొత్తగా కత్తిరించి పెడితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. దారం పోతే పోయిందంటాడు, పోకపోతే పోలేదంటాడు. చిన్నవాడైనా నిజాయితీపరుడు.

తమరి వ్యవహారం అలా కాదు.

లెక్క తీద్దాం. 40 కౌంటు (అంకె పెరిగేకొద్దీ దారం సన్నం) కాటన్ పడుగు, 6,000 పోగులు. పోగుల సంఖ్యను కౌంటుతో భాగిస్తే వచ్చే 150 కిలోలే పడుగు బిగువుకి మొదటి అంచనా అని షెడ్‌లో అందరికీ తెలుసు. తర్వాత బట్టను బట్టి కాస్త తగ్గించుకుంటాం. అంటే పోగుకి 25 గ్రాములు. మగ్గం వెనక పడుగు ఆనుకునే బ్యాక్‌రెస్ట్ దగ్గర కూర్చున్న తమరి లోడ్ సెల్ (లాగుడు కొలిచే కాటా) ఈ 6,000 పోగుల మొత్తం బరువే చూస్తుంది. పది పోగులు పూర్తిగా వదులైపోయినా తగ్గేది పావు కిలో. పేక దూరేందుకు పడుగు విడివడే సందునీ షెడ్ అనే అంటాం; అది తెరుచుకుని మూసుకునే ప్రతి చుట్టులోనూ అంతకు ఎన్నో రెట్లు ఊగుతుంది తమరి కాటా. అందుకే పది పోగులు వేలాడుతున్నా స్క్రీన్ మీద 150 చెక్కుచెదరదు. ఇంటిల్లిపాదినీ ఒకే కాటా ఎక్కించి, మొత్తం బరువు బాగుంది కాబట్టి చంటిదానికి జబ్బేమీ లేదనే వైద్యుణ్ణి ఎక్కడైనా చూశారా? మేము రోజూ చూస్తున్నాం.

మంగళగిరిలో గుంట మగ్గం మీద నేసేవాళ్లు పడుగు మీద అరచెయ్యి ఆనిస్తే ఏ పోగు వదులో చేతికే తెలిసిపోతుంది. తమరికి చెయ్యి లేకపోవడం తమరి తప్పు కాదు. ఉన్నట్టు మాట్లాడటమే తప్పు.

ఆ వదులు పోగు చేసే పని చూడండి. కొంచెం వదులైతే డ్రాప్ పిన్ను (పోగు తెగితే కిందపడే రేకు) పడదు. పడదు కాబట్టి వార్ప్ స్టాప్, అంటే పడుగు వల్ల మగ్గం ఆగడం, రాదు. పోగు మాత్రం షెడ్‌లో పైకీ కిందకీ సరిగా విడిపోక, పక్క పోగుల్ని పట్టుకుని వేలాడుతుంది. గాలిలో వస్తున్న పేక దానికి తగిలి ఆగుతుంది. అవతలి సెన్సారు "పేక రాలేదు" అంటుంది. మగ్గం ఆగుతుంది, రిపోర్టులో వెఫ్ట్ (పేక) స్టాప్ అని పడుతుంది. పొద్దున మేనేజరు గారు ఆ కాగితం చూసి "వెఫ్ట్ కోన్ బాలేదు, గణపవరం వాళ్లకి ఫోన్ కొట్టండి" అంటారు. స్పిన్నింగ్ మిల్లువాడు తిట్లు తింటాడు. నేరం పడుగుది, కేసు పేక మీద.

దీన్ని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆగిన పేక కొస ఎక్కడుందో నాలుగైదు స్టాపుల పాటు సుద్దతో రీడ్ క్యాప్ (పేకను కొట్టే దువ్వెన పైపట్టీ) మీద గీత పెట్టాలి. గీతలన్నీ ఒకేచోట పడితే చాలావరకు దోషి ఆ చోటి పడుగు. అటూ ఇటూ చెదిరితే దోషి గాలి గానీ పేక గానీ. ఇది చెయ్యకుండా కొందరు షెడ్ శుభ్రంగా తెరుచుకోవాలని 150ని 170 చేస్తారు. తమరు మహదానందంగా ఒప్పుకుంటారు. వదులు పోగుకి ఒరిగేదేమీ లేదు. బాగున్న పోగులే బిగుసుకుని, సన్నని చోట్ల తెగడం మొదలెడతాయి.

మే నెల మధ్యాహ్నం హ్యుమిడిఫికేషన్ చాలక మిల్లు షెడ్‌లో తేమ 80 శాతం నుంచి 60కి జారితే, పడుగు మీది గంజి పెళుసుబారి డ్రాప్ పిన్నుల కింద తెల్లగా రాలుతుంది. వానాకాలంలో అదే గంజి మెత్తబడి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. తమరి అంకె రెండు కాలాల్లోనూ 150.

పేక వైపు తమరి బంధువులిద్దరున్నారు. ఒకరు వెఫ్ట్ బ్రేక్. పిక్ (ఒక్క పేక విసురు) చివర ఫీడర్ పిన్ను దారాన్ని టక్కున ఆపినప్పుడు పడే కుదుపు తగ్గించడం ఆయన పని. చాలా మగ్గాల్లో ఆయన టెన్షన్ కొలవడు, మగ్గం తిరుగుడులో పెట్టిన డిగ్రీ రాగానే పట్టుకుంటాడు, అంతే. 40 నుంచి 60 కౌంటుకి మారి పాత సెట్టింగే వదిలేస్తే పేక ఆఖరున తెగుతుంది. భయపడి బ్రేక్ ముందుకు జరిపితే పేక ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు రెండో బంధువు, చేరే టైము చూసే ఆయన, మెయిన్ నాజిల్ ప్రెషర్ పెంచుతాడు. ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు తోస్తారు. మధ్యలో దారానికి పురి విప్పుకోవడం తప్ప దారి లేదు. స్క్రీన్ మీద ఇద్దరి పక్కనా ఓకే!

నాజిల్‌లో ఫ్లఫ్ అడ్డుపడినా, పింగాణీ కంటికి గాడి పడినా ఇదే తంతు. ప్రెషర్ పెంచి లోపాన్ని కప్పేస్తారు. కంప్రెసర్ కరెంటు బిల్లు చూసేదాకా ఎవరికీ తెలియదు. గాడి పడిన కన్ను మీద గోరు గీస్తే చటుక్కున తగులుతుంది. దాన్ని తిప్పి బిగించడమో మార్చడమో రెండు నిమిషాల పని.

మగ్గం ఆగి మళ్లీ మొదలైనచోట బట్ట మీద పడే స్టార్టింగ్ మార్కుల సంగతి ఎక్కువ చెప్పం. రెండు నిమిషాలు ఆగిన మగ్గానికీ, వీవర్ టీకి వెళ్లి ఇరవై నిమిషాలు ఆగిన మగ్గానికీ పడుగు సాగుడు ఒకటి కాదు. టైమును బట్టి దిద్దే పట్టిక తమరి దగ్గరే ఉంది. అందులో అన్ని గడుల్లోనూ ఒకే అంకె నింపిన మహానుభావుడు మాత్రం మాలోనివాడే, ఒప్పుకుంటున్నాం.

తమరి మేలు మరిచామనుకోకండి. 800 మిల్లీమీటర్ల బీమ్ (పడుగు చుట్టిన రోలరు) నిండుగా ఉన్నప్పటి నుంచి అడుగు కనిపించేదాకా సగటు ఒకేలా నిలబెట్టడం మామూలు పని కాదు. గొలుసులకు బరువులు జరుపుకుంటూ నేసిన కాలం మళ్లీ వద్దు. మేము కోరేది ఒక్కటే: సరిదిద్దిన ప్రతిసారీ ఎంత సరిదిద్దారో స్క్రీన్ మీద పెట్టండి. నిన్న 3 బార్ గాలి ప్రెషర్‌తో నడిచిన మగ్గం ఇవాళ 3.6 అడుగుతుంటే, ఆ 0.6 మాకు కావాలి.

ఇట్లు,
తమ విధేయులు,
మూడో షిఫ్టు ఫిట్టర్లు

తా.క.: పద్నాలుగో మగ్గానికి మెయిన్ నాజిల్ ప్రెషర్ మళ్లీ పెంచుతున్నట్టున్నారు. దయచేసి ఆగండి, నాజిల్‌లో ఫ్లఫ్ తీసే పిన్ను తీసుకుని వస్తున్నాం.